'వ' గడిలో 'ప'

మా పెరట్లో బట్టలు ఉతికే బండ ఒకటి ఉంది. నల్లటి కడప బండ. "ఇంత నున్నగా ఉంటే బట్ట ఎక్కడ ఆగుతుందమ్మా, సబ్బుతో సహా జారిపోతోంది" అని మా పనిమనిషి వారానికి ఒకసారైనా విసుక్కుంటుంది. ఆమె మాట నిజమే. ఆ బండను అంత నునుపు చేసింది ఉతకడానికి కాదు. కర్నూలు పాత ఊరిలో, కొండారెడ్డి బురుజుకు నడిచి వెళ్ళేంత దూరంలో మా ప్రెస్సు ఉండేది. అక్కడ నలభై ఏళ్ళకు పైగా ఈ బండ మీదే ఫారాలు, అంటే అచ్చుకు సిద్ధం చేసిన అక్షరాల చట్రాలు, బిగించారు. కూర్చిన టైపును, అంటే సీసపు అచ్చు అక్షరాలను, ఇనుప చట్రంలో పెట్టి, చుట్టూ ఖాళీల్లో చెక్క ముక్కలు దూర్చి, పైన చదును చెక్క ఆనించి సుత్తితో తట్టి సమం చేసేవారు. టైపు ముక్క ఎత్తు 0.918 అంగుళం. ఏ మూలనైనా బండ వెంట్రుకవాసి పల్లంగా ఉంటే ఆ మూల అక్షరం కాగితానికి అందదు. అందుకని తాత ఒక్కో బండ మీద నీళ్ళు పోసి, ఎటు పారుతాయో చూసి మరీ ఎంచుకున్నాడని చెబుతారు.

నిరుడు వేసవిలో ఆ బండ పదిహేను రోజుల పాటు మళ్ళీ ప్రెస్సు పని చేసింది. ఆ పదిహేను రోజులూ మా పనిమనిషి పక్కింటి గరుకు బండ మీద హాయిగా ఉతుక్కుంది.

సంగతి ఏమిటంటే, ఎన్నో ఏళ్ళుగా మేడ మీద రేకుల గదిలో మూటలు కట్టి ఉన్న మా టైపు కేసులను బాగు చేయించాలని నాకు పట్టుదల పుట్టింది. రిటైరయ్యాక పుట్టే పట్టుదలల్లో ఇదొకటి అనుకోండి.

కేసు అంటే టైపు ఉంచే చెక్క సొరుగు. పొడవు రెండు మూరలకు కాస్త తక్కువ, వెడల్పు ఒక మూరకు తక్కువ, లోతు రెండు వేళ్ళు. లోపలంతా గళ్ళు. ఒక్కో గడిలో ఒక్కో అక్షరం. అలాంటి సొరుగులు ఒకదాని కింద ఒకటి చెక్క ర్యాకులో దూరి ఉంటాయి. నా పెళ్ళిచూపుల రోజున కాబోయే అత్తగారు "మీ నాన్నగారు ఏం చేస్తుంటారమ్మా?" అని అడిగితే, "ప్రెస్సు ఉందండీ, మాకు ఇరవై రెండు కేసులున్నాయి" అని గర్వంగా చెప్పాను. ఆమె ముఖం పాలిపోయింది. మా సీమలో ఇరవై రెండు కేసులంటే ఆషామాషీ మాట కాదు మరి. మామగారు అడ్డు వచ్చి అసలు సంగతి విడమరిచి చెప్పకపోతే ఆ సంబంధం అక్కడితో ఆగిపోయేదే.

ప్రెస్సు పెట్టింది మా తాత. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయింది. ఊరినిండా గుడారాలు, గుడారాల్లో ఆఫీసులు. ఆఫీసులుంటే ఫారాలు, రసీదులు, నోటీసులు, కరపత్రాలు ఉంటాయి కదా అని తాత లెక్క వేశాడు. అప్పు చేసి 1955లో ట్రెడిల్, అంటే కాలితో తొక్కి నడిపే అచ్చు యంత్రం, కొన్నాడు. మద్రాసు నుంచి టైపు తెప్పించాడు. సరిగ్గా మరుసటి ఏడాది, 1956 నవంబరు 1న, రాజధాని హైదరాబాదుకు వెళ్ళిపోయింది. ట్రెడిల్ మాత్రం మాకు మిగిలింది. ఇక శుభలేఖలు, వేరుశనగ మండీల రసీదు పుస్తకాలు, సినిమా కరపత్రాలు, అయిదేళ్ళకోసారి ఎన్నికల గోడపత్రికలు. అప్పు తీర్చడానికి తాతకు పదకొండేళ్ళు పట్టింది. మా నాన్న పదిహేనో ఏట చదువు మాని, అక్షరాలు పంక్తిగా కూర్చే కంపోజింగ్ స్టిక్కు పట్టుకున్నది ఆ అప్పు వల్లే. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, ఆ సొరుగులంటే నాకున్న మురిపెం నాన్నకు ఏ కోశానా లేదు. దానికి కారణం ఉంది.

నాకు తొమ్మిదో పదో ఏడు వచ్చాక వేసవి సెలవుల్లో నన్నూ పనిలో పెట్టారు. అచ్చు వేయడం అయిపోయిన ఫారాన్ని విప్పి, కిరసనాయిలుతో సిరా కడిగి, ఒక్కో అక్షరాన్ని తిరిగి దాని గడిలో వేయాలి. కూర్చడం కంటే ఈ సర్దడమే విసుగు పుట్టించే పని. కూర్చేవాడికి చివర ఒక వాక్యమైనా కనిపిస్తుంది, సర్దేవాడికి ఖాళీ చేయి మిగులుతుంది. రోజుకు పావలా ఇచ్చేవాడు నాన్న.

నాలుగైదు పంక్తులు ఎడమ అరచేతిలో నిలబెట్టుకోవాలి. టైపు మీది అక్షరం అద్దంలో చూసినట్టు ఎడమ కుడిగా ఉంటుంది. అందుకని పంక్తిని తలకిందులుగా పట్టుకుంటాం. అప్పుడు ఎడమ నుంచి కుడికి చదువుకోవచ్చు. ప్రతి ముక్కకూ ఒక పక్క గాటు ఉంటుంది. గాట్లన్నీ ఒక వరుసలో ఉన్నాయంటే అక్షరాలన్నీ సరిగా నిలబడినట్టే. కళ్ళతో చూడనక్కరలేదు, బొటనవేలికి తెలిసిపోతుంది. కుడిచేత్తో ఒక మాట పొడవునా ముక్కలు తీసుకుని, గళ్ళ మీద చేయి తిప్పుతూ ఒక్కొక్కటే జారవిడవాలి. సీసపు ముక్కల మీద సీసపు ముక్క పడితే టిక్ అని సన్నటి చప్పుడు. ఖాళీ గడిలో పడితే చెక్క చప్పుడు, టొక్ అని. ఆ చప్పుడు వింటే ఆ అక్షరం అయిపోవచ్చిందని అర్థం. మా ప్రెస్సులో అక్షరాలు కూర్చే పెద్దాయన, మేం కంపోజిటర్ తాత అనేవాళ్ళం, ఆ మూల కూర్చుని స్టిక్కులోంచి కళ్ళెత్తకుండానే, "పాపా, 'ము' అయిపోతోందా?" అనేవాడు.

ఇంగ్లీషుకు రెండు కేసులు చాలు. పెద్దక్షరాలు పై కేసులో, చిన్నక్షరాలు కింది కేసులో. అప్పర్ కేస్, లోయర్ కేస్ అని కంప్యూటర్ వాళ్ళు ఈనాటికీ అంటున్నది ఆ సొరుగులనే. తెలుగుకు అలా కుదరదు. గుణింతాలు కొన్ని ఒకే ముక్కగా పోసి వచ్చేవి, ఒత్తులు విడిగా వచ్చేవి. మా ప్రెస్సులో ఒక్కో సైజు తెలుగుకు నాలుగేసి కేసులు పట్టేవి. రోజంతా వాడే 'న', 'ల', 'ర', 'డు', 'ము', సున్న లాంటివి పెద్ద గళ్ళలో, కుడిచేతికి ఎదురుగా. అరుదైనవి అంచుల్లో. తెలుగు టైపు తొలిసారి తయారైంది మన దేశంలో కాదు, జర్మనీలోని హాలే పట్టణంలో. క్రైస్తవ మిషనరీ బెంజమిన్ షుల్జ్ 1746–47లో అక్కడ తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. తెలుగు ముక్క రాని ఆ జర్మన్ కంపోజిటర్ల గళ్ళు ఏ వరుసలో ఉండేవో చూడాలని నాకు ఇప్పటికీ కోరిక.

ఇక నా ఘనకార్యం. 'ప'కు తలకట్టు విడిగా కూర్చుంటుంది, 'వ'కు అతుక్కుని ఉంటుంది. బల్ల మీద పలకలో అయితే ఆ తేడా పిల్లలకూ తెలుస్తుంది. పన్నెండు పాయింట్ల టైపులో, తలకిందులుగా, సిరా పూర్తిగా పోని ముక్కలో ఆ సందు ఏపాటిది? ఒక మధ్యాహ్నం నిద్రమత్తులో కొన్ని 'ప'లను 'వ' గడిలో జారవిడిచాను. కంపోజిటర్ తాత చేయి గడిని నమ్ముతుంది, కన్ను కాదు. వారం తరువాత ఒక పెళ్ళివారి శుభలేఖ మూడు వందల ప్రతులు సిద్ధమై, కట్టలు కట్టి, పసుపు పూసి వెళ్ళిపోయింది. సాయంత్రానికి పెళ్ళికొడుకు పెదనాన్న కట్టలన్నీ చంకన పెట్టుకుని వచ్చాడు. "వధూపరులను ఆశీర్వదింప ప్రార్థన" అని ఉంది.

ప్రూఫులో నాన్న చూశాడు, పెళ్ళివారూ చూశారు. ఎవరికీ దొరకలేదు. ముహూర్తం, పేర్లు, ఊళ్ళ పేర్లు అక్షరం అక్షరం సరిచూస్తారు గానీ ఆ వాక్యం ఎవరూ చదవరు. అందరికీ కంఠతా వచ్చు గనుక. ఆ పెదనాన్న మాత్రం చదివాడు. "మా పిల్లవాణ్ణి పరుణ్ణి చేశారు కదయ్యా" అని ఆయన అంటే నాన్న చేతులు జోడించి, కాగితం ఖర్చు తనే పెట్టుకుని, రాత్రంతా కూర్చుని మళ్ళీ వేశాడు. నన్ను పల్లెత్తు మాట అనలేదు. తెల్లవారాక 'వ' గడిలోని ముక్కలన్నీ ఒక పళ్ళెంలో పోసి నా ముందు పెట్టాడు. అందులో నాకు పదకొండు 'ప'లు దొరికాయి. ఆ రోజు పావలా ఇవ్వలేదు.

ఆఫ్‌సెట్ అచ్చు వచ్చింది, కంప్యూటర్లో అక్షరాలు కూర్చే డీటీపీ వచ్చింది. ఆ కథ అన్ని ఊళ్ళదీ ఒకటే కాబట్టి దాని మీద మాటలు ఖర్చు చేయను. 1998లో నాన్న ప్రెస్సు మూసేశాడు. ట్రెడిల్‌ను ఇనుము కింద, టైపును సీసం కింద కిలోల లెక్కన అమ్మేశాడు. టైపు ఒట్టి సీసం కాదు. సీసం మెత్తగా ఉంటుంది. అందుకని గట్టిపడటానికి ఆంటిమొనీ, పోత సాఫీగా రావడానికి తగరం కలుపుతారు. పాత సామాను వాడికి ఆ తేడాలు పట్టలేదు. అన్నీ ఒకే తక్కెడలో పోశాడు. ఏడు కేసుల టైపు మాత్రం, ఎందుకో, నాన్న అమ్మలేదు. అడిగితే "తక్కెడ నిండింది" అన్నాడు.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి ఊరి మీదికి వచ్చాయి. ఆ శుక్రవారం గురించి కర్నూలువాళ్ళకు నేను చెప్పాల్సిన పని లేదు, మిగతావాళ్ళకు ఎంత చెప్పినా చాలదు. పాత ప్రెస్సు గదిలో నీళ్ళు కప్పు దాకా నిలిచాయి. నీళ్ళు తీశాక వెళ్ళి చూస్తే మోకాటి లోతు ఒండ్రు. బీరువాలు, బల్లలు, ఇంటి తలుపులు ఎక్కడివో వచ్చి ఎక్కడో పడి ఉన్నాయి. కేసుల ర్యాకు మాత్రం పెట్టినచోటే నిలబడి ఉంది. ఆ ఏడు కేసుల సీసం బరువు దాన్ని కదలనివ్వలేదు. ఖాళీ సొరుగులు మాత్రం తేలిపోయి, గది నాలుగు మూలలా బురదలో కూరుకుపోయాయి. పట్టుకుని లాగితే పెట్టె రాలేదు, ఒక పక్క చెక్క వచ్చింది. పెట్టెలన్నీ కీళ్ళు విడిపోయి ముక్కలయ్యాయి.

టైపు తడిసి తెల్లగా పొడి పట్టి ముద్దలు ముద్దలుగా అంటుకుపోయింది. తడిసిన సీసం మీద పుట్టే ఆ పొడి విషం. ఆ ఏడు కేసుల టైపూ అప్పుడే వెళ్ళిపోయింది. చెక్క ముక్కలను మాత్రం నేను ఏరి, పురికొసతో మూటలు కట్టి, ఆటోలో మా ఇంటికి తెచ్చుకున్నాను. నాన్న అటు చూడను కూడా లేదు.

ఇప్పుడు ఆచారి గారి దగ్గరికి వస్తాను. డెబ్బై దాటిన వడ్రంగి. తలుపులకు ప్లైవుడ్ షీట్లు కొట్టే పనికి పిలిస్తే రారు. మూటలు విప్పి చూపిస్తే ఆయన ఒక సన్నటి పట్టీ తీసి, గోటితో గీకి, వాసన చూసి, "వజ్రంతో అతికించినవి తల్లీ, అందుకే బతికాయి" అన్నారు. వడ్రంగుల భాషలో వజ్రం అంటే పశువుల తోళ్ళు, ఎముకలు ఉడికించి తీసిన జిగురు. నీళ్ళు తగిలితే, వేడి తగిలితే వదిలేస్తుంది. నీళ్ళకు ఊడిపోయే జిగురు మంచిదెలా అవుతుందని నేను వాదించాను. ఆయన మాట్లాడకుండా మరో కేసు చేతికిచ్చారు. ఎనభైల్లో ఎప్పుడో నాన్న తెల్ల జిగురుతో మరమ్మతు చేసిన కేసు అది. జిగురు ఇప్పటికీ గట్టిగానే పట్టుకుని ఉంది. దాని పక్కన చెక్కే పొరలు పొరలుగా చీలిపోయింది. నీళ్ళకు ఉబ్బిన చెక్కకు కదిలే దారి కావాలి. వజ్రం దారి ఇచ్చింది, అది ఇవ్వలేదు. వజ్రంతో అతికిన పెట్టెలు కీళ్ళ దగ్గర శుభ్రంగా విడిపోయాయి కాబట్టి మళ్ళీ కూర్చడానికి వీలైంది.

పని మొదలు పెట్టే ముందు ఒక మాట. పాత టైపు కేసుల్లోని దుమ్ము మామూలు దుమ్ము కాదు, అందులో సీసం ఉంటుంది. మా ప్రెస్సులో నెలకోసారి కేసులను వాకిట్లోకి తెచ్చి తోలు తిత్తితో ఊదేవారు. ఆ మేఘంలోనే మేం పిల్లలం దాగుడుమూతలు ఆడేవాళ్ళం. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. ఎవరికైనా ఇలాంటి కేసు దొరికితే నోటితో ఊదకండి, పొడి చీపురు వేయకండి, ఉప్పుకాగితం అసలే పట్టకండి. మూతికి మాస్కు కట్టుకుని తడిబట్టతో గడి గడి తుడిచి, ఆ బట్టలు పారేయండి. మనవలు ఇంట్లో ఉన్న రోజుల్లో ఆ పని ముట్టుకోలేదు నేను. నాలుగు బకెట్ల నీళ్ళు మారిస్తే గానీ ఒక కేసు ఒండ్రు వదల్లేదు.

కేసుల చట్రాలు టేకు. అడుగు చెక్కలు మాత్రం మామిడి. తాత అక్కడ పొదుపు చేశాడు. మామిడి చెక్కలు సగం చెదల పాలయ్యాయి, సగం గిన్నెల్లా వంగిపోయాయి. వంగిన వాటిని ఎండలో పెడదామని నేనంటే ఆచారి గారు దాదాపు కేకలేశారు. ఎండకు పెడితే ఒక పక్క గబగబా ఆరి ఇంకా వంగుతుంది, లేదా పగులుతుంది. గుంటగా ఉన్న వైపు తడిగుడ్డ పరిచి, ఆ వైపు చెక్క కాస్త ఉబ్బి సమం అయ్యేదాకా ఆగి, నీడలో చదునైన బరువు కింద పెట్టాలి. "చదునైన బరువు ఏముంది ఇంట్లో?" అని అడిగారు. పెరట్లోకి తీసుకెళ్ళి బండ చూపించాను. నలుగురు పట్టి లేపారు. పదిహేను రోజుల తరువాత ఎత్తి చూస్తే పద్నాలుగు చెక్కల్లో తొమ్మిది సాపుగా వచ్చాయి. మిగతా అయిదూ పొయ్యిలోకి.

గళ్ళ పట్టీలే అసలు పని. నూలు మందం, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు ఉన్న టేకు పట్టీలు. నిలువు పట్టీకి పైనుంచి సగం దాకా, అడ్డ పట్టీకి కిందినుంచి సగం దాకా గాట్లు కోసి ఒకదానిలో ఒకటి కూరుస్తారు. గాటు ఒక గీత వెడల్పైతే పట్టీ ఊగుతుంది, సన్నటి టైపు ఆ సందులోంచి పక్క గడిలోకి దూరుతుంది. ఒక గీత బిగువైతే పట్టీ చీలుతుంది. ఇంగ్లీషు పై కేసులో ఏడు వరుసలు, వరుసకు పద్నాలుగు, మొత్తం తొంభై ఎనిమిది గళ్ళు. విరిగిన పట్టీలకు బదులు కొత్తవి కోయడానికి కొత్త టేకు వద్దన్నారు ఆచారి గారు. పాత ఊరిలో పడగొట్టిన ఒక ఇంటి కిటికీ చట్రం కొన్నాం. దాన్ని రంపంతో చీల్చి, చిత్రిక పట్టి, పట్టీలు తీశారు. వజ్రాన్ని ఒక డబ్బాలో వేసి, ఆ డబ్బాను వేడినీళ్ళ గిన్నెలో కూర్చోబెట్టి కరిగించారు. నేరుగా మంట మీద పెడితే మాడి పట్టు పోతుందట. ఆ వాసన ఇల్లంతా వ్యాపించింది. మీకు నచ్చుతుందని చెప్పను అని ఆచారి గారు ముందే అన్నారు. అన్నట్టే, మా కోడలు రెండు రోజులు పుట్టింటికి వెళ్ళి వచ్చింది.

ఒక కేసుకు వార్నిష్ కొట్టించడం నా తెలివితక్కువతనం. మెరిసిపోతూ మిఠాయి దుకాణం పళ్ళెంలా తయారైంది. తరువాతి వాటికి తేనెమైనం మాత్రం బట్టతో రుద్దాం. ఇనుప మేకులున్న చోట టేకు నల్లబడి మచ్చలు పడింది. వాటినీ అలాగే ఉంచాం. పెద్ద గళ్ళ ముందు అంచులు వేళ్ళు రాసుకుని రాసుకుని గుంట పడి ఉన్నాయి. 'న' గడికి అన్నిటికంటే ఎక్కువ. ఆ పట్టీని కూడా మార్చేద్దామా, చూడటానికి బాగుంటుంది అన్నారు ఆచారి గారు. నేను చప్పున కేసు మీద చేయి పెట్టి అడ్డుకున్నాను. ఆయన నవ్వి ఉలి పక్కన పెట్టారు. ఆ గుంటలో కంపోజిటర్ తాత వేలు ఎంత, నాన్న వేలు ఎంత, నాది ఎంత అని నేను లెక్క కట్టబోలేదు గానీ, నా వేలు పెట్టి చూసిన మాట నిజం.

అడుగున అతికించిన కాగితాల సంగతి చెప్పలేదు కదూ. గడి అడుగున టైపు సందుల్లో ఇరుక్కోకుండా రద్దు కాగితాలు పరిచి అతికించేవారు. వరద చాలావరకు వాటిని మింగేసింది. ఒక కేసులో మాత్రం ఒక మూల మిగిలింది. ఎరుపు సిరా, సగం అరిగిన అక్షరాలు: "...లను ఆశీర్వదింప..." వధూపరుల శుభలేఖ కాదని నాకు నేను చెప్పుకున్నాను. ఆ మూడు వందల ప్రతులూ ఎక్కడికి వెళ్ళాయో మరి. రద్దు కాగితం మా ఇంట్లో ఎన్నడూ వృథా కాలేదు.

ఇరవై రెండింట్లో పద్నాలుగు నిలబడ్డాయి. ఇక గళ్ళకు చీటీలు అతికించాలి. ఇంగ్లీషు పై కేసు తీసుకుని ఎ, బి, సి, డి వరుసగా రాసి అతికిస్తుంటే, అప్పటిదాకా కుర్చీలో పేపరు చదువుకుంటున్న నాన్న గొంతు వినిపించింది. "జె తీసెయ్. యు తీసెయ్. అవి జెడ్ తరువాత వస్తాయి." నెల రోజులుగా ఈ పని వైపు కన్నెత్తి చూడని మనిషి. ఎనభై అయిదేళ్ళు. "ఇంకా ఆ సీసం దుమ్ము తినాలని ఉందా నీకు?" అనడం తప్ప ఒక్క మాట మాట్లాడలేదు అంతవరకూ.

ఎందుకలా అని అడిగితే "అలాగే ఉంటుంది" అన్నాడు. నేను తరువాత చదివి తెలుసుకున్నాను. ఒకప్పుడు అచ్చు లిపిలో ఐ, జె ఒకటే అక్షరం. యు, వి ఒకటే అక్షరం. ఆ రోజుల్లో గళ్ళ వరుస స్థిరపడిపోయింది. తరువాత అవి వేరు కాపురాలు పెట్టుకున్నా, అప్పటికే చేతులకు అలవాటైన వరుసను కదపలేక జె, యు రెండింటినీ చివరికి తోశారు. పదిహేనో ఏట తాత చేతి దెబ్బలు తింటూ నేర్చుకున్న వరుస నాన్నకు అది.

ఆ రోజు నుంచి ఆయన పేపరు మడిచి పక్కన పెట్టి కూర్చోవడం మొదలుపెట్టాడు. తెలుగు కేసులు నాలుగూ ముందు పెట్టుకుని నేను గుర్తున్నంతవరకు రాస్తూ పోయాను. తప్పు రాస్తే "ఊహూ" అనేవాడు. సరైనదేమిటో చెప్పేవాడు కాదు. మూడు రోజుల్లో అన్నీ అయ్యాయి, ఒక్కటి తప్ప.

మొదటి తెలుగు కేసులో కుడి చివర పై మూల గడి. దాని అడుగున గుండ్రని తుప్పు మచ్చ ఒకటి, పాత అర్ధ రూపాయి కంటే కాస్త పెద్దది. సీసానికి తుప్పు పట్టదు. నాకు తోచిన అరుదైన అక్షరాలన్నీ అడిగాను. 'ఱ'? ఊహూ. 'ఞ'? ఊహూ. 'ౠ'? ఊహూ. "'ఌ' అయి ఉండాలి" అన్నాను. ఆయన కాసేపు ఆగాడు.

"ఒకప్పుడు 'ఌ'నే. మన దగ్గర ఎవడు వాడాడు దాన్ని? తీసి పారేశాను. నా పొడుం డబ్బీ ఉండేది అందులో." గొంతు తగ్గించాడు. "మీ అమ్మ మధ్యాహ్నం అన్నం తెచ్చేది కదా. బల్ల సొరుగులో వెతికేది, చొక్కా జేబులో వెతికేది. అక్షరాల్లో వెతకదు. అందులోనూ, ఎవరి చేయీ వెళ్ళని గడి అదొక్కటే. వరదలో పోయింది ఆ డబ్బీ."

వంటింట్లోంచి అమ్మ గిన్నె కింద పెట్టిన చప్పుడు వినిపించింది. అమ్మ చెవులు నాన్న చెవుల కంటే బాగా పనిచేస్తాయి.

"మొదటి సొరుగు, కుడి చివర మూల" అంది అమ్మ అక్కడినుంచే. "మీరు చేయి కడుక్కోవడానికి లేచినప్పుడు సగం తీసి కాలువలో పోసేదాన్ని."

నాన్న ఆ గడి వంక చూస్తూ కాసేపు మాట్లాడలేదు.

"అందుకేనా," అన్నాడు చివరికి, "ఆ దుకాణం వాడు తూకంలో మోసం చేస్తున్నాడని వాడితో మాట్లాడటం మానేశాను నేను."